కడప బస్సు ఎక్కుతుంది, నంద్యాల బస్సు ఎక్కదు!

ఈ వారం ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను. ఉత్తరం ఒకరిదే అయినా ఇలాంటి బాధ చాలా ఇళ్లలో ఉంటుంది. పైకి చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోరు, అంతే. అందుకని శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాను. తక్కిన పాఠకులు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ఆళ్లగడ్డ నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"డాక్టరు గారూ, నా వయస్సు 31. పుట్టిల్లు నంద్యాల, అత్తవారిల్లు ఆళ్లగడ్డ. కిందటేడు వానాకాలంలో ఒక సాయంత్రం బాబును ఒళ్లో పెట్టుకుని నంద్యాల నుంచి బస్సులో వస్తున్నాను. జోరుగా వాన. శిరివెళ్ల ఇంకా రాలేదు. ఎదురుగా వచ్చిన లారీని తప్పించబోయి మా బస్సు రోడ్డు దిగి ఒక పక్కకు ఒరిగిపోయింది. దేవుడి దయ, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. నాకు మోచేయి గీరుకుపోయింది, బాబుకు ఏమీ కాలేదు. రెండు నెలల తర్వాత అమ్మను చూద్దామని నంద్యాల బస్సెక్కాను. శిరివెళ్ల దాటగానే గుండె దడదడ కొట్టుకుంది, చేతులకు చెమటలు పట్టాయి, ఊపిరాడలేదు. కండక్టరును బతిమాలి దిగిపోయి ఆటోలో వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు నంద్యాల బస్సు అంటేనే కడుపులో తిప్పుతుంది. అమ్మను చూసి పది నెలలైంది. మోకాళ్ల నొప్పులతో ఆమె రాలేదు.

విచిత్రం ఏమిటంటే, కడప బస్సు మామూలుగానే ఎక్కుతున్నాను. ప్రమాదమైన పదిహేను రోజులకే ఆడపడుచు గృహప్రవేశానికి కడప వెళ్లాను. తర్వాత మరో రెండుసార్లు వెళ్లాను. అహోబిలం ఆటోలో వెళ్లొచ్చాను. ఏ భయమూ లేదు. 'నిజంగా భయమైతే అన్ని బస్సులకూ భయపడాలి కదా' అంటారు మావారు. అమ్మేమో ఫోనులో 'ఆడపడుచు ఇంటికి పోయే తీరిక ఉంది గానీ కన్నతల్లి గడప తొక్కే తీరిక లేదా' అని ఏడ్చింది. శ్రావణంలో మా తమ్ముడి పెళ్లి. నాకు పిచ్చి పట్టిందా? లేక మావారు అన్నట్టు ఇది నాటకమా? నా మీద నాకే అనుమానం వస్తోంది."

అమ్మా, మీకు పిచ్చి పట్టలేదు. నాటకం అంతకంటే కాదు. మీవారు అడిగిన ప్రశ్న మంచిదే. కానీ దాని జవాబు ఆయన అనుకున్న దానికి తలకిందులుగా ఉంది. ఒక్క దారికే, ఒక్క బస్సుకే పరిమితమై ఉండటం మీ భయం అబద్ధమనడానికి రుజువు కాదు. అనుభవం వల్ల అంటుకున్న భయం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఎందుకో చెబుతాను, వినండి.

భయం ఎలా అంటుకుంటుంది?

రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకు 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక చప్పుడు వినిపించి, వెంటనే కుక్కకు తిండి పెట్టేవాడు. కొన్నాళ్లకు తిండి లేకపోయినా ఆ చప్పుడుకే కుక్క నోట లాలాజలం ఊరేది. దీన్నే నిబంధిత ప్రతిచర్య అంటారు. పేరు పెద్దదే గానీ విషయం మనకు తెలిసిందే. చింతకాయ పేరు వింటే మీ నోరూరదూ? అదీ ఇదే.

నోరూరినట్టే భయమూ పుడుతుంది. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. పదకొండు నెలల పసివాడి ముందు ఒక తెల్ల ఎలుకను పెట్టారు. వాడికి మొదట ఎలుకంటే ఏ భయమూ లేదు. చెయ్యి చాచి తాకబోయేవాడు. వాడు తాకబోయినప్పుడల్లా వెనక ఒక ఉక్కు కడ్డీని సుత్తితో గట్టిగా కొట్టారు. ఏడుసార్లు అలా చేసేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తేనే పసివాడు ఏడవసాగాడు. పసిబిడ్డను ఇలా భయపెట్టే ప్రయోగాన్ని ఈనాడు ఎవరూ ఒప్పుకోరు. అయినా అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ భయం కుందేలుకు పాకింది, కుక్కకు పాకింది, బొచ్చు కోటుకు పాకింది. కానీ అదే గదిలో, అదే మనుషుల మధ్య, ఆడుకునే చెక్క దిమ్మెలు చేతికిస్తే ఆ పిల్లవాడు హాయిగా ఆడుకున్నాడు. అంటే భయం దగ్గరి పోలిక ఉన్నవాటికి పాకింది గానీ కనబడిన ప్రతిదానికీ పాకలేదు. ఆ పసివాడు నాటకమాడాడని ఎవరైనా అనగలరా?

ఇంకో సంగతి. ఆళ్లగడ్డ శిల్పులకు పేరుపడ్డ ఊరు. పొద్దున్నుంచి ఉలి మీద సుత్తి పడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్లలు దానికి ఉలిక్కిపడరు, అందులోనే నిద్రపోతారు. చప్పుడు వెనుక ఏ కీడూ రాకపోతే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి భయం చప్పుడులోనూ లేదు, బస్సులోనూ లేదు. దేని వెంట ఏది వచ్చిందని మెదడు రాసుకుందో, ఆ లెక్కలో ఉంది.

ఒక్కదానికే ఎందుకు?

మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది. దాన్ని ఎమిగ్డలా అంటారు. అపాయాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడంలో దానిది ముఖ్యపాత్ర. గుండె వేగం పెంచడం, చెమటలు పట్టించడం, కండరాలు బిగించడం అన్నీ క్షణంలో జరిగిపోతాయి. మనం ఆలోచించి తేల్చుకునేలోపే అది పని మొదలుపెడుతుంది. అందుకే "భయపడకు" అని మీకు మీరు చెప్పుకున్నా ఆ క్షణంలో వినబడదు.

ఆ సాయంత్రం మీ మెదడు రాసుకున్న జాబితా ఇదీ: నంద్యాల దారి, వాన, మసక వెలుతురు, శిరివెళ్ల దగ్గరి రోడ్డు, బస్సు కుదుపు. తర్వాత పదిహేను రోజులకే మీరు కడప బస్సెక్కారు. ఏమీ కాలేదు. మీకు తెలియకుండానే మీరు చేసుకున్న మంచి వైద్యం అది. "బస్సంటే అపాయం కాదు, ఆ దారే అపాయం" అని మెదడు లెక్క దిద్దుకుంది. పావ్లోవ్ కుక్కల దగ్గరా ఇదే చూశాడు. ఒక స్వరం తర్వాత తిండి పెట్టి, దానికి దగ్గరి స్వరం తర్వాత పెట్టకపోతే, మొదట్లో రెండింటికీ నోరూరినా కొన్నాళ్లకు ఒక్కదానికే ఊరేది. దీన్ని విచక్షణ అంటారు. మీ మెదడు కడప దారికీ నంద్యాల దారికీ తేడా కనిపెట్టింది. అది బాగా పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప చెడిపోయిందనడానికి కాదు.

కడప వెళ్లకుండా ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈపాటికి అన్ని బస్సులకూ, ఆటోకూ భయం పాకే అవకాశం ఉండేది. అందుకే ప్రమాదం తర్వాత ఎవరినైనా "కొన్నాళ్లు ఎక్కడికీ పోవద్దులే" అని ఇంట్లో కూర్చోబెట్టకండి. దెబ్బలు మానగానే మెల్లగా మామూలు పనుల్లో పడనివ్వాలి.

భయాన్ని పెంచి పోషిస్తున్నది ఎవరు?

ఇది కొంచెం కష్టమైన మాట. కోపం తెచ్చుకోకుండా వినండి. శిరివెళ్ల దాటాక బస్సు దిగగానే మీకు ప్రాణం లేచివచ్చి ఉంటుంది. ఆ ఊరటే చిక్కు తెచ్చింది. "దిగింది కాబట్టి బతికింది" అని మెదడు రాసుకుంది. నిజానికి దిగకపోయినా ఏమీ అయ్యేది కాదు. ఆ బస్సు క్షేమంగానే నంద్యాల చేరి ఉంటుంది. కానీ ఆ సంగతి తెలుసుకునే అవకాశం మెదడుకు దొరకలేదు. తప్పించుకున్న ప్రతిసారీ భయానికి వడ్డీ చేరుతుంది. ఇప్పుడు బస్సు పేరు వింటేనే కడుపులో తిప్పుతోందన్నారు. అది మాటకు కూడా పాకుతోందన్నమాట. కాబట్టి ఆలస్యం చేయకూడదు.

కాలం గడిస్తే అదే పోతుందనుకోకండి. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు పెద్ద వరద వచ్చింది. పావ్లోవ్ కుక్కలు నీళ్లలో చిక్కుకుని ఈదుతూ కొసప్రాణంతో బయటపడ్డాయి. తర్వాత వాటిలో ఒకటి మెల్లగా కోలుకుంది. ఒకనాడు గది తలుపు కింద నుంచి సన్నగా నీటి ధార వదిలారు. అంతే, ఆ కుక్క మళ్లీ కలవరపడిపోయింది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు పట్టణాన్ని ముంచింది. 2019 సెప్టెంబరులో కుండపోత వానలకు మహానంది ఆలయంలోకి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు చూసినవారిలో ఎవరికైనా ఈనాటికీ రాత్రిపూట వాన చప్పుడుకు మెలకువ వచ్చి వాకిలి చూసుకునే అలవాటు ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. వారిని వెక్కిరించనూ కూడదు.

పోయే దారి ఏమిటి?

దారి ఉంది. ఆ తెల్ల ఎలుక ప్రయోగం తర్వాత నాలుగేళ్లకు, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆమె కుందేలంటే భయపడే ఒక చిన్నపిల్లవాడి కథ ప్రచురించింది. వాడికి ఇష్టమైన తినుబండారం పెట్టి, బోనులో ఉన్న కుందేలును దూరంగా ఉంచేది. రోజురోజుకూ కొంచెం దగ్గరికి జరిపేది. చివరికి ఆ పిల్లవాడు కుందేలును నిమిరాడు. 1958లో వోల్పే అనే వైద్యుడు ఈ పద్ధతిని మెట్లు మెట్లుగా అమర్చి పుస్తకం రాశాడు. తర్వాత ఎన్నో మార్పులు వచ్చినా, ఒక్కదానికే పరిమితమైన భయాలకు ఈనాటికీ అన్నిటికంటే బాగా పనిచేసే వైద్యం, భయపడేదాని ఎదుటికి మెట్టు మెట్టుగా వెళ్లడమే.

మీ భయాన్ని అణాల్లో కొలవండి. మన పెద్దలు దేన్నయినా పదహారణాల్లో చెప్పేవారు కదా! అసలు భయం లేకపోతే సున్నా, ప్రాణం పోతున్నట్టుంటే పదహారణాలు. తక్కువ అణాల పనితో మొదలుపెట్టాలి. మీకోసం ఒక వరుస రాస్తున్నాను. మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి.

మొదటి మెట్టు: ఆళ్లగడ్డ బస్టాండులో బెంచీ మీద అరగంట కూర్చుని నంద్యాల బస్సులు వచ్చిపోవడం చూడండి. రెండణాలు.

రెండో మెట్టు: ఆగి ఉన్న నంద్యాల బస్సెక్కి కూర్చోండి. బయలుదేరే ముందు దిగండి. నాలుగణాలు.

మూడో మెట్టు: ఎండ కాస్తున్న పూట, మీవారిని వెంటబెట్టుకుని ఒకటి రెండు స్టాపుల దాకా వెళ్లి రండి. ఆరణాలు.

నాలుగో మెట్టు: అలాగే శిరివెళ్ల దాకా. ఎనిమిదణాలు.

అయిదో మెట్టు: మీవారితో ఆ చోటు మీదుగా నంద్యాల దాకా. అమ్మ చేతి కాఫీ తాగి రండి. పన్నెండణాలు.

ఆరో మెట్టు: అదే ప్రయాణం పగటిపూట ఒంటరిగా. పద్నాలుగణాలు.

ఏడో మెట్టు: సాయంత్రం తిరుగు బస్సులో, ఆ తర్వాత చినుకులు పడుతున్నప్పుడు. పదహారణాలు.

ప్రతి మెట్టునూ ఒకసారి చేసి వదిలేయకండి. "ఇందులో ఏముంది, విసుగ్గా ఉంది" అనిపించేదాకా చేయండి. నెలకొకసారి కాదు, వారంలో నాలుగయిదు రోజులు చేయాలి. మొత్తం 40 కిలోమీటర్ల చుట్టుపక్కల దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైంది. కాబట్టి ఈ వైద్యానికి టికెట్టు ఖర్చు కూడా పెద్దగా ఉండదు!

గుర్తుంచుకోవలసినవి

భయం పూర్తిగా పోయాక ఎక్కుదామని కూర్చోకండి. ఎక్కితేనే పోతుంది. గుండె దడ వస్తుంది, రానివ్వండి. భయం ఎగసి, కొంతసేపు నిలిచి, తర్వాత దిగుతుంది. ఎగసినప్పుడు దిగిపోకండి. ఊపిరి మెల్లగా వదులుతూ కూర్చోండి. తట్టుకోలేకపోతే కింది మెట్టుకు రండి గానీ పూర్తిగా మానేయకండి.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద "ఏమవుతుందని నా భయం?" అని రాసుకోండి. తిరిగి వచ్చాక దాని పక్కనే "ఏమైంది?" అని రాయండి. పది రోజుల కాగితాలు చూస్తే మీకే తెలుస్తుంది.

పెద్దవాళ్లు దడుపు అనుకుని తాయెత్తు కట్టించి ఉండవచ్చు. ఉంటే ఉండనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. కానీ చివరి మెట్లలో అది చేతికి లేకుండా కూడా ప్రయాణం చేసి చూడండి. లేకపోతే మెదడు "తాయెత్తు వల్ల బతికాను" అని రాసుకుంటుంది. పక్కన మీవారు ఉండటం, చేతిలో ఫోను పట్టుకుని ఉండటం కూడా అలాంటివే. నడక నేర్చేదాకా చేయి పట్టుకోవచ్చు, ఆ తర్వాత వదలాలి.

మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు, నరాల మాత్రలు కొనుక్కుని వేసుకోకండి. అలవాటు పడే ప్రమాదం ఉంది. పైగా మత్తులో చేసిన ప్రయాణం మెదడుకు పాఠం నేర్పదు.

తగ్గిన భయం కొన్ని నెలల తర్వాత ఒకనాడు మళ్లీ తలెత్తవచ్చు. "అయ్యో, చేసినదంతా వృథా" అనుకోకండి. పాత పాఠం చెరిగిపోదు. దాని మీద కొత్త పాఠం రాస్తాం, అంతే. రెండుసార్లు ప్రయాణం చేస్తే మళ్లీ సర్దుకుంటుంది. అందుకే వేర్వేరు వేళల్లో, వేర్వేరు బస్సుల్లో సాధన చేయమంటున్నాను.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

మొదట మీ ఊరి డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ జబ్బు, గుండె జబ్బు ఉన్నా దడ వస్తుంది. అవి లేవని తేలితే మీకు ధైర్యంగా ఉంటుంది. ప్రమాదం కళ్లముందు మళ్లీ మళ్లీ కనబడటం, పీడకలలు, నిద్ర పట్టకపోవడం, చీటికీ మాటికీ ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే మాత్రం సొంతంగా ప్రయత్నించకండి. మానసిక వైద్యుణ్ణి కలవాలి. బతకాలని లేదనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మీకున్న చిక్కు ఏమిటంటే, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికైనా, కర్నూలు పెద్దాసుపత్రికైనా ఆ దారే! ఫరవాలేదు. కడప దారి మీకు తెరిచే ఉంది కదా, అక్కడి రిమ్స్ ఆసుపత్రికి వెళ్లండి. అదీ కుదరకపోతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఇది. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

ఇంకో హెచ్చరిక, తక్కిన పాఠకుల కోసం. రక్తం చూస్తే, సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారు కొందరుంటారు. వారి సంగతి వేరు. వారిలో గుండె వేగం, రక్తపోటు మొదట పెరిగి, ఒక్కసారిగా పడిపోతాయి. అలాంటివారు ఊపిరి వదులుతూ ఒళ్లు సడలిస్తే ఇంకా తొందరగా పడిపోతారు. పిడికిళ్లు, తొడలు, పొట్ట కండరాలు పది పదిహేను సెకన్లు బిగించి వదలాలి. అలా నాలుగయిదుసార్లు చేయాలి. సూది పడుకోబెట్టి వేయమని ముందే నర్సుకు చెప్పాలి.

ఇంట్లోవారికి రెండు మాటలు

అయ్యా, ఆమె భర్తగారూ, "నాటకం" అన్న మాట ఈరోజుతో మానేయండి. బలవంతంగా బస్సెక్కించకండి, "పోనీలే, వద్దులే" అని ఆపనూ ఆపకండి. రెండూ తప్పే. రోజూ ఒక గంట పని మానుకుని ఆ బస్టాండు బెంచీ మీద ఆమె పక్కన కూర్చోండి. ఈ వైద్యంలో సగం మందు మీరే.

నంద్యాలలో ఉన్న ఆ తల్లికి కూడా ఒక మాట. అమ్మా, మీ అమ్మాయి మిమ్మల్ని మరిచిపోలేదు. కడప బస్సెక్కి మీ బస్సు ఎక్కకపోవడం ప్రేమ తక్కువై కాదు. మనవడిని ఒళ్లో పెట్టుకుని చావు భయం చూసిన దారి అది. మీ దగ్గరికి రావాలంటే ఆమె మళ్లీ ఆ దారినే రావాలి. ఈసారి ఫోను చేసినప్పుడు "ఎప్పుడొస్తావే" అని అడగకండి. "ఈరోజు ఎన్ని స్టాపులు వచ్చావే" అని అడగండి.

శ్రావణానికి ఇంకా రోజులున్నాయి. రేపు పొద్దున్నే బస్టాండు బెంచీతో మొదలుపెట్టండి. పెళ్లి నాటికి ఆరో మెట్టు దాకా వస్తే చాలు, ఏడోది పెళ్లయ్యాక చూసుకోవచ్చు. పెళ్లినాటికి ఏ మెట్టు మీద ఉన్నా నాకు ఉత్తరం రాయండి.